ప్రమాణము లేని సమాధానము

గణితపరీక్షలో లెక్క సరిగా చేసియు, చివర "చదరపు మీటర్లు" అని వ్రాయనందుకు అర మార్కు తగ్గించుట యన్యాయమని పలువురు విద్యార్థులును, వారి తలిదండ్రులలో కొందరును తలంచుచున్నారు. "అంకె సరిపోయినది గదా, మాట లేకపోయిన నేమి?" అని వారి వాదము. మేము దీని నంగీకరింపజాలము.

ఏలయన, ప్రమాణము లేని యంకె సమాధానమే కాదు. ఒక స్థలమెంత యని యడుగగా నొకడు "5" అని చెప్పె ననుకొందము. కోస్తా జిల్లాలవారు దానిని 5 సెంట్లని గ్రహింతురు. తెలంగాణమువారు 5 కుంట లనుకొందురు. ఎకరమునకు సెంట్లు 100, కుంటలు 40. కావున మొదటిది 242 చదరపు గజములు, రెండవది 605. అంకె యొక్కటియే, నేల రెండున్నర రెట్లు! దస్తావేజులో నిట్టి లోపము దొరలినచో సరిహద్దురాళ్లయొద్ద కలహము తప్పునా?

1983వ సంవత్సరము జూలై 23వ తేదీన కెనడా దేశమున నింతకంటె ఘోరమైన ప్రమాదము తృటిలో తప్పినది. ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానములో నింధనమాపకములు పనిచేయకుండుటచే, లెక్కనే నమ్ముకొనవలసివచ్చెను. లెక్కించినవారు లీటర్లను 1.77 చే గుణించిరి. అది లీటరు ఇంధనపు బరువు పౌనులలో. కిలోగ్రాములలో నది సుమారు 0.8 మాత్రమే. గుణకారమున దోషము లేదు. వచ్చిన పౌనులను కిలోగ్రాము లనుకొనుటయే దోషము. కావలసిన 22,300 కిలోగ్రాములలో సగమైనను లేకుండ విమానము బయలుదేరెను. నడిమార్గమున నింజనులు రెండును ఆగిపోయెను. విమానచోదకులు దానిని గాలిపటమువలె జార్చుకొనుచు గిమ్లీ యను చోటి పాత వైమానికస్థావరమున దింపిరి. ప్రాణనష్టము కలుగలేదు. ఆ లెక్కకు మన పరీక్షకులు మార్కు లెన్ని వేసియుందురో!

మన విద్యార్థులలో పలువురు ప్రమాణమును లెక్క ముగిసినపిదప నంటించు చీటీగా నెంచుచున్నారు. 3 మీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు గల పలకకు వైశాల్యము 150 అని వ్రాసి, అటుపిమ్మట నేమి చేర్చవలెనో తెలియక చూతురు. చదరపు మీటర్లని చేర్చినను, చదరపు సెంటీమీటర్లని చేర్చినను తప్పే. నిజమైన జవాబు 1.5 చదరపు మీటర్లు, లేదా 15,000 చదరపు సెంటీమీటర్లు. ప్రతి పంక్తిలోను ప్రమాణమును వెంటబెట్టుకొని పోయినచో నీ చిక్కు మొదటనే బయటపడెడిది. అట్లే నాలుగు మీటర్ల చదరము వేఱు, నాలుగు చదరపు మీటర్లు వేఱు. మొదటిదాని వైశాల్యము పదునాఱు చదరపు మీటర్లు.

అయినను, పద్ధతియంతయు సరిగానున్న లెక్కకు సున్న వేయు పరీక్షకులతో మే మేకీభవింపము. అర మార్కు చాలును. మఱియొక మాట. తొందరలో నల్లబల్లపై నుత్త అంకెలు వ్రాసి చెఱిపివేయు నుపాధ్యాయులు, విద్యార్థికి ఆ యర మార్కును ఏ ముఖముతో తగ్గింతురు?