నా కొంగు కింద నంబర్ ప్లేటు

ఈ పోస్టు బండి నడిపే మగవాళ్ళని తిట్టడానికి రాయడం లేదు. వాళ్ళ వెనక సీట్లో కూర్చునే మన గురించి రాస్తున్నాను. ముందు నన్ను నేనే తిట్టుకుంటాను.

ఆరేళ్ళ క్రితం సత్తెనపల్లి నుంచి హైదరాబాదులో మా తమ్ముడింటికి వెళ్ళాం. ఓ సాయంత్రం తమ్ముడి బండి తీసుకుని బయల్దేరాం. ముందు మావారు, మధ్యలో మూడో తరగతి చదివే మా వాడు, వెనక నేను. ముగ్గురం ఒకే బండి ఎక్కడమే తప్పు, అప్పుడు ఆ ధ్యాసే లేదు. ఒక సెంటర్లో ఎర్ర లైటు పడింది. ముందు రెండు బళ్ళు దూరిపోయాయి. మావారు తల తిప్పకుండానే, "కొంగు కాస్త వెనక్కి వెయ్యి, నంబరు కనపడకుండా" అన్నారు. వేశాను. ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వుకున్నాం కూడా. ఆ కొంగు చక్రంలో చుట్టుకుంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

కొన్నాళ్ళకి చలానా తమ్ముడి పేరు మీద వచ్చింది. ఫోటోలో గాలికి లేచిన నా కొంగు, దాని కింద స్పష్టంగా నంబరు. వాడు కట్టేసి ఊరుకున్నాడు. ఆ నెలలో తన ఖర్చులెలా సర్దుకున్నాడో నేనూ అడగలేదు.

అసలు ఆ కెమెరా ఏం చేస్తుందో తెలుసుకుంటే మన తెలివితేటలు ఎంత దండగో అర్థమవుతుంది. అది సిగ్నల్‌తో కలిపి ఉంటుంది. ఎర్ర లైటు వెలిగాకే తప్పు పట్టడం మొదలుపెడుతుంది. స్టాప్ లైను దగ్గర రోడ్డు కింద వేసిన తీగ చుట్టలో, రాడారో, వీడియోనో బండి గీత దాటిందని చెబుతాయి. అప్పుడు ఒక ఫోటో బండి గీత దగ్గర ఉండగా, ఇంకోటి సెంటరు మధ్యలోకి వచ్చాక. రెండిట్లోనూ ఎర్ర లైటు, తేదీ, టైము ఉంటాయి. నంబరు చదివేది కంప్యూటర్. నడిపింది ఎవరన్నది దానికి పట్టదు, చలానా బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే వెళుతుంది. పసుపు లైటులో అప్పటికే గీత దాటేసిన వాళ్ళ జోలికి అది రాదు. పసుపు అంటే "ఇంకా స్పీడుగా పో" అని కాదు, ఆగగలిగితే గీత ముందే ఆగమని.

"ఇదంతా ప్రభుత్వం డబ్బుల కోసం పెట్టిన వల" అనే అక్కలున్నారు. సరే, చట్టం ఏమంటుందో చూడండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం కెమెరా నిఘా ఉన్న చోట ముందే బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. అంటే చెప్పి మరీ చూస్తున్నారు. చెప్పినా దూకే వాళ్ళం మనం. సిగ్నల్ పాడైతే, చలానా తప్పుగా వస్తే అడగండి, పోట్లాడండి. నేనూ మీ వెంట వస్తాను. కానీ నిజంగా దూకి, ఆపైన వల అనడం ఏం న్యాయం?

ప్రభుత్వాన్ని తిట్టాలంటే నాకు ఇంకో కారణం ఉంది. తెలంగాణలో 2022లో పెండింగ్ చలానాల మీద బైకులకి 75 శాతం, 2023 డిసెంబర్లో 80 శాతం తగ్గించారు. ఎప్పటికప్పుడు కట్టిన మా తమ్ముడు పిచ్చివాడా? ఆషాఢం సేలు లాగా తప్పుకి డిస్కౌంటు పెడితే జనం నేర్చుకునేది ఆగడం కాదు, కట్టకుండా కాచుకోవడం.

అయినా వాళ్ళు నేర్పింది తక్కువే. ఇంట్లో నేను నేర్పిందే ఎక్కువ. మా వాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న నేను వంటింట్లో ఉండగా నా స్కూటీ తాళం తీసుకుని ట్యూషన్‌కి వెళ్ళాడు. తిరిగొచ్చాక కేకలేస్తే తాపీగా, "ఆ దారిలో కెమెరాలు లేవులేమ్మా" అన్నాడు. మారు మాట రాలేదు నాకు. ఆ రోజు మా ఇద్దరి మధ్యలో కూర్చుని వాడు నేర్చుకున్న పాఠం అదే కదా! ఎర్ర లైటు దగ్గర చూడాల్సింది లైటుని కాదు, ఎవరైనా చూస్తున్నారా అని.

మైనర్‌కి బండి ఇస్తే 2019 సవరణ ప్రకారం 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు తల్లిదండ్రులకో, బండి యజమానికో పడుతుంది. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లాడికి పాతికేళ్ళ దాకా లైసెన్సు రాదు. కానీ నన్ను భయపెట్టింది అది కాదు. మన ఊరి మీదుగా పోయేది గుంటూరు, మాచర్ల రోడ్డు. పిడుగురాళ్ళ వైపు నుంచి సున్నం లారీలు, సీజన్లో గుంటూరు యార్డుకి మిర్చి లోడ్లు. 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. లోడుతో ఉన్న లారీ డ్రైవరు, ఆకుపచ్చ లైటు తనదేనన్న నమ్మకంతో వస్తాడు. నా బిడ్డ ఎదురొచ్చాడని అతను ఎక్కడికక్కడ ఆపలేడు. అక్కడ కెమెరా లేకపోయినా లారీ ఉంటుంది కదమ్మా.

అందుకే మా ఇంట్లో తాళాలు ఇప్పుడు నా బీరువాలో. మా వాడు సైకిల్ మీద వెళుతున్నాడు, మొహం మాడ్చుకునే. వెనక సీట్లో నేను కొంగు నడుముకి చుట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటున్నాను. పెద్ద లారీ వెనకే అంటుకుపోతే సిగ్నల్ కనపడదు, అందుకని కాస్త ఎడం ఉంచమంటున్నాను. పసుపు పడగానే "ఆపండి" అంటున్నాను. మొదటి వారం మావారు, "ఇంట్లోనే కెమెరా పెట్టించుకున్నానా?" అని విసుక్కున్నారు. అవును, పెట్టించుకున్నారు.

వెనక హారన్లు కొడతారు. కొట్టనివ్వండి. "టైమైపోతోంది, పోనీయండి" అని మొగుణ్ణి తొందరపెట్టేది కూడా చాలాసార్లు మనమే. పెళ్ళికి పది నిమిషాలు ఆలస్యంగా వెళితే ముహూర్తం తప్పుతుందేమో గానీ, మనం తప్పం. ఈసారి బండెక్కేటప్పుడు మీ చున్నీ, మీ కొంగు ఎక్కడున్నాయో ఒక్కసారి చూసుకోండి. మధ్యలో కూర్చున్న వాడు మిమ్మల్నే చూస్తున్నాడు.