పెన్‌డ్రైవ్‌లో పెళ్లిచూపులు

హాల్లో ఓ మూల బల్ల మీద, కుట్టుపని చేసిన గుడ్డ కప్పుకుని ఉంటుంది. పెద్దమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న కంప్యూటర్. ఆ పిల్ల చదువు అయిపోయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. కంప్యూటర్ మాత్రం అమలాపురంలోనే ఉండిపోయింది. తమ్ముడి ప్రాజెక్టులు, నాన్న కట్టే కరెంటు బిల్లు, అమ్మ చూసే వంటల వీడియోలు... అన్నీ దాని మీదే. రాజోలులో చూసినా, కొత్తపేటలో చూసినా ఇలాంటి కంప్యూటర్లున్న ఇళ్లు బోలెడు.

2025 అక్టోబరు 14న వీటికో చిక్కు వచ్చిపడింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆ రోజుతో ముగిసింది. 2015 జులైలో వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ అది. పదేళ్లు దాటాయన్నమాట. అలాగని కంప్యూటర్ ఆగిపోదు, రోజూలాగే తెరుచుకుంటుంది. కాకపోతే కొత్తగా బయటపడే లోపాలకు మందు రాదు. వైరస్‌లు రాసేవాళ్లకి గడియలేని ఇల్లు దొరికినట్టే. 2026 అక్టోబరు దాకా పొడిగింపు తీసుకునే వీలిచ్చినా, అదీ ఏడాది ముచ్చటే. సరే, విండోస్ 11కి మారదామా అంటే... ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే, అదీ టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉంటేనే అధికారికంగా ఎక్కుతుంది. 2017కి ముందు కొన్నవాటికి ఆ యోగం లేదు.

‘ఇంక ఇది లాగదండీ, కొత్తది తీసేసుకోండి’ అంటాడు షాపు కుర్రాడు. ‘ఆయ్, చూద్దామండీ’ అని బయటికొచ్చేస్తారు ఇంటాయన. కొత్త ల్యాప్‌టాప్ అంటే ముప్ఫై, నలభై వేల మాట. కొబ్బరికాయ ధర ఎలా ఉందో చూసుకోకుండా కొనేసే వస్తువు కాదది.

కొత్తది కొనకుండా, పాతదాన్ని పాడుచేసుకోకుండా ఇంకో దారి ఉంది. దాని పేరు లినక్స్. ఖరీదు... సున్నా!

రేకు ఒకటే, రుచులే వేరు

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి సరదా కొద్దీ ఓ కెర్నెల్ రాసి ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటిది కెర్నెల్. ఆ రెండూ కలిశాక ప్రపంచానికి ఓ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ దొరికింది. ఉచితం కన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చూడొచ్చు, మార్చొచ్చు, మార్చినదాన్ని నలుగురికీ పంచొచ్చు. పంచొచ్చు కాబట్టే ఇన్ని రకాలు పుట్టుకొచ్చాయి.

ఆత్రేయపురం పూతరేకు తీసుకోండి. బోర్లించిన కుండ మీద తీసే రేకు ఒకటే. లోపల పంచదార చల్లితే ఒక రుచి, బెల్లం వేస్తే ఇంకోటి, జీడిపప్పు, బాదంపప్పు కూరితే మరోటి. లినక్స్ కెర్నెల్ ఆ రేకులాంటిది. దాంట్లో ఏ డెస్క్‌టాప్ పరిచి, ఏ సాఫ్ట్‌వేర్లు పెట్టి మడిచారన్నదాన్ని బట్టి ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్... ఇలా పేర్లు మారిపోతాయి. వీటినే డిస్ట్రోలు అంటారు. వందల్లో ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడేది ఇక్కడే.

ఒకప్పుడు ఈ తికమక లేదు. దొరికిందే మహాభాగ్యం! కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చే సీడీ కోసం ఎదురుచూసే రోజులవి. ఉబుంటు వాళ్లయితే 2005 నుంచి 2011 దాకా అడిగినవాళ్లకల్లా సీడీలను పోస్టులో పంపారు, తపాలా ఖర్చు కూడా వాళ్లదే. మనవాళ్లూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ 2005లోనే మెనూలన్నీ తెలుగులో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చింది. 2007 జనవరిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ ‘బాస్’ పేరుతో భారతీయ భాషల లినక్స్‌ను విడుదల చేసింది.

చూసి నచ్చితేనే

ఇప్పుడు సీడీల పని లేదు. ఏ డిస్ట్రోనైనా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. కంప్యూటర్లో ఏదీ ఎక్కించక్కర్లేదు. లోపలి విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది. చూడటం అయ్యాక ఆపేసి, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే ఏమీ జరగనట్టే పాత కంప్యూటర్. కాఫీ తాగి, ‘కబురు చేస్తామండీ’ అని లేచి వచ్చేసినట్టు.

వెంటాయ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ పనిని ఇంకా తేలిక చేసింది. ముప్ఫై రెండు జీబీ పెన్‌డ్రైవ్‌లో దాన్ని వేసి, నాలుగైదు డిస్ట్రోల ఐఎస్‌ఓ ఫైళ్లను అందులోకి కాపీ చేసేస్తే చాలు. వెంటాయ్ వేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవన్నీ చెరిగిపోతాయి, అదొక్కటి మరిచిపోకూడదు. ఆ తర్వాత కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఎఫ్12 గానీ, ఎఫ్9 గానీ, ఎస్కేప్ గానీ నొక్కాలి. కంపెనీని బట్టి ఆ మీట మారుతుంది. తెర మీద జాబితా వస్తుంది. ఇక పెళ్లిచూపులు మొదలు!

పేరున్న సంబంధం కాబట్టి మొదట ఉబుంటునే చూస్తారు. దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ 2004 అక్టోబరులో తెచ్చిన డిస్ట్రో ఇది. ఏ సందేహం వచ్చినా నెట్‌లో జవాబు దొరుకుతుంది. కానీ ఎడమవైపు నిలువుగా ఉండే పట్టీ విండోస్‌కి అలవాటుపడ్డ నాన్నకి కొత్తగా అనిపిస్తుంది. పైగా కాస్త బరువు. నాలుగు జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రం మీద ఆయాసపడుతుంది.

తర్వాత మింట్. క్లెమెంట్ లెఫెబ్వ్ర్ 2006లో మొదలుపెట్టారు. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడిమూల గడియారం. ఎక్కడుండాల్సినవి అక్కడే కనిపిస్తాయి. నాన్నకి ఎవరూ నేర్పక్కర్లేదు. దీని వెర్షన్లకి ఆడపిల్లల పేర్లే పెడతారు. మొదటిది ఆడా. విల్మా, జారా ఈ మధ్య వచ్చినవి. కొత్త యంత్రమైతే సినమన్ రకం, పాతదైతే తేలిగ్గా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోవచ్చు.

ఐర్లండ్ నుంచి వచ్చే జోరిన్ చూడ్డానికి అందంగా ఉంటుంది. విండోస్ 10కి మద్దతు ముగిసిన రోజునే, 2025 అక్టోబరు 14నే, తన 18వ వెర్షన్‌ను విడుదల చేసింది. ఎవరి కష్టం ఎవరికి కలిసొస్తుందో! రెండు జీబీ ర్యామ్‌తో నెట్టుకొస్తున్న యంత్రాలకు లుబుంటు నయం.

ఫెడోరా ఎప్పుడూ కొత్తదనంతో మెరిసిపోతుంటుంది. ఆరు నెలలకో కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి మద్దతు 13 నెలలకు అటూఇటూ. కంప్యూటర్ సైన్స్ చదివే కుర్రాడికి ఇది ముచ్చటగానే ఉంటుంది. ఆ కుర్రాడు హాస్టల్‌కి వెళ్లిపోయాక ఏటా కొత్త వెర్షన్ ఎక్కించేదెవరు? ఇంటి కంప్యూటర్‌కి ఇది సరిపడే సంబంధం కాదు.

పెళ్లిచూపుల మాట వచ్చింది కాబట్టి డెబియన్ సంగతీ చెప్పుకోవాలి. 1993లో దీన్ని ప్రారంభించిన ఇయాన్ మర్డాక్, అప్పటి ప్రియురాలు డెబ్రా పేరుకి తన పేరు కలిపి డెబియన్ అన్నాడు. ఉబుంటుకి తల్లి ఇదే. బాస్‌కీ ఇదే ఆధారం. ఆ లెక్కన మింట్ మనవరాలు.

లక్ష్మి, జ్యోత్స్న సరిగ్గా వస్తున్నాయా?

గోడ బొమ్మలు, ఐకాన్ల రంగులు చూసి మురిసిపోయి నిర్ణయం తీసేసుకుంటారు చాలామంది. నెల తిరక్కుండానే ఇంకోటి, ఆపై మరోటి. ఇలా గెంతడానికి ఇంగ్లిష్‌లో డిస్ట్రో హాపింగ్ అని పేరు కూడా ఉంది. అసలు చూడాల్సింది ఆ ఇంట్లో జరిగే పనులు.

మొదటిది తెలుగు. ఆఫీస్ ప్యాకేజీ తెరిచి ‘లక్ష్మి’, ‘జ్యోత్స్న’, ‘స్త్రీ’ అని టైప్ చేసి చూడాలి. వత్తులు అక్షరం కిందికి చేరుతున్నాయా, విడివిడిగా పడుతున్నాయా? ఈ మధ్య వచ్చిన పెద్ద డిస్ట్రోలన్నీ ఈ పరీక్ష నెగ్గుతాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగుల్లోనే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి, యాపిల్, పోతన అమరికలు కావాలంటే ఐబస్, ఎం17ఎన్ అనే రెండు ఉచిత ప్యాకేజీలు ఎక్కించుకోవాలి. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లూ ఉచితంగానే దొరుకుతాయి.

తర్వాత వైఫై. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్నప్పుడే పట్టుకుంటే బెంగ లేదు. పట్టుకోకపోతే ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి నెట్ తెచ్చుకుని డ్రైవర్ వెతుక్కోవాలి. గల్ఫ్‌లో ఉన్న మనిషితో వీడియోలో మాట్లాడుకునే ఇల్లయితే కెమెరా, మైకు బ్రౌజర్‌లో పనిచేస్తున్నాయో లేదో అప్పుడే చూసేయాలి. ఆ తర్వాత ప్రింటర్. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు వెంటనే పలుకుతాయి. జిరాక్స్ షాపుల్లో కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 లాంటివి మాత్రం డ్రైవర్ దగ్గర కాస్త ఏడిపిస్తాయి.

లినక్స్ జోలికి పోకూడనివాళ్లూ ఉన్నారు. డీటీపీ సెంటర్ల సంగతే చూడండి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు ఏళ్ల తరబడి అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో తయారవుతున్నాయి. అవి యూనికోడ్ కావు, ఆ సాఫ్ట్‌వేర్లు విండోస్ కోసం చేసినవి. వైన్ అనే ప్రోగ్రామ్ సాయంతో కొన్ని విండోస్ సాఫ్ట్‌వేర్లు లినక్స్‌లో నడుస్తాయి గానీ, ముహూర్తం దగ్గరపడ్డ శుభలేఖను దాని మీద పెట్టడం తెలివైన పని కాదు. ట్యాలీలో లెక్కలు రాసే కొబ్బరి వ్యాపారి సంగతీ అంతే. బతుకుతెరువు విండోస్ సాఫ్ట్‌వేర్‌తో ముడిపడి ఉంటే కొత్త యంత్రానికి డబ్బు పెట్టడమే మంచిది. ఉచితం కదాని చెప్పి వీళ్లని లినక్స్‌లోకి లాగేవాళ్లు మేలు చేస్తున్నామనుకుంటారు గానీ, చేసేది మేలు కాదు.

అసలు కేరళ ఏం చేసింది?

కొబ్బరితోటలు, కాలువలు చూసి కోనసీమను ఆంధ్రా కేరళ అంటారు. ఆ కేరళ, లినక్స్ విషయంలో దేశానికే దారి చూపింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో 2001లో ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు మొదలైంది. ఆ దశాబ్దం ముగిసేలోపే పిల్లల కంప్యూటర్ పాఠాలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మారిపోయాయి. మొదట డెబియన్ ఆధారంగా, తర్వాత ఉబుంటు ఆధారంగా తమ బడులకు తగ్గట్టు సొంత డిస్ట్రో తయారుచేసుకున్నారు. ఆ ప్రాజెక్టే 2017లో కైట్ అనే సంస్థగా మారింది. ఉబుంటు 22.04 మీద కట్టిన కైట్ గ్నూ/లినక్స్ దాని తర్వాతి రూపాల్లో ఒకటి. వాళ్లూ డిస్ట్రో మార్చారు. కానీ మెరుపులు చూసి మార్చలేదు. ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్ పట్టుకుని, టీచర్లకు శిక్షణ ఇచ్చి, దాని మీదే ఏళ్లపాటు ఉన్నారు.

కోనసీమ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన లాభం ఇంకోటుంది. 2022 మేలో జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో ఆందోళనలు చెలరేగాక రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకు వెళ్లాల్సి వచ్చింది. విండోస్ 11 హోమ్‌ని కొత్తగా సెట్ చేయాలంటే మామూలుగా నెట్, మైక్రోసాఫ్ట్ ఖాతా రెండూ కావాలి. మింట్‌కి ఏ ఖాతా అక్కర్లేదు. ఆ పెన్‌డ్రైవ్ చేతిలో ఉంటే నెట్ లేకపోయినా ఇన్‌స్టాల్ అవుతుంది, ఉత్తరాలు, లెక్కలు రాసుకునే లిబ్రే ఆఫీస్ కూడా అందులోనే వచ్చేస్తుంది.

ఇంతకీ ఏది ఖాయం చేసుకోవాలి? నలుగురూ వాడే ఇంటి కంప్యూటర్‌కి మింట్ మీదే మొగ్గు చూపాలి. 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. వారం పాటు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, ఇంట్లోవాళ్లంతా సరేనన్నాకే ఇన్‌స్టాల్ మీట నొక్కాలి. అక్కడ రెండు దారులు కనిపిస్తాయి. విండోస్ పక్కనే పెట్టుకోవడం ఒకటి, డిస్క్ మొత్తం తుడిచేయడం రెండోది. రెండోది నొక్కితే పాత ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ పోతాయి. కాబట్టి ఏది ఎంచుకున్నా ముందు వాటిని వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. ఆ తర్వాత పని అరగంట, మహా అయితే గంట. గాలివాన రోజున మాత్రం పెట్టుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది.