ఆటో డ్రైవర్ కొడుక్కి సీటొచ్చాక

ఏటా జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు వెలువడగానే తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఒకే రకం వార్త అచ్చవుతుంది. ఆటో డ్రైవర్ కొడుక్కో, కూలీ కూతురికో ఐఐటీలో సీటు. నోట్లో స్వీటు పెడుతున్న తల్లి, పక్కన కోచింగ్ సంస్థ అధిపతి. ర్యాంకు ముందు పేదా గొప్పా తేడా లేదని, గేటు దాటాక అందరూ సమానమేనని ఆ వార్త తేల్చేస్తుంది. సన్మాన సభల్లో నాయకులూ అదే చెబుతారు, తల్లిదండ్రులు నమ్ముతారు. ఇది అబద్ధం. పైగా ఎవరిని పొగుడుతోందో వాళ్లకే హాని చేసే అబద్ధం.

తేడా గేటు దగ్గరే మొదలవుతుంది. 2024లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దినకూలీ కొడుక్కి ఐఐటీ ధన్‌బాద్‌లో సీటొచ్చింది. దాన్ని ఖాయం చేసుకోవడానికి కట్టాల్సింది 17,500 రూపాయలు. ఆ సొమ్ము గడువులోగా కట్టలేకపోవడంతో సీటు పోయింది. చివరికి సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు రాజ్యాంగం 142వ అధికరణం కింద జోక్యం చేసుకుని సీటిప్పించింది. కోర్టు మెట్లెక్కే దారి తెలియనివాళ్ల సంగతేమిటని అడిగినవాళ్లు తక్కువ.

ఇక ఫీజు. 2016లో ఐఐటీల ట్యూషన్ ఫీజు ఏడాదికి 90,000 నుంచి 2 లక్షలకు పెరిగింది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు పూర్తి మినహాయింపు. మిగతావాళ్లకు కుటుంబ ఆదాయం లక్షలోపుంటే పూర్తిగా, 5 లక్షల దాకా మూడింట రెండు వంతులు మాఫీ. 2019లో వచ్చిన ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్‌కు మాత్రం పరిమితి 8 లక్షలు. అంటే 6 లక్షల రాబడి ఉన్న ఇంటి పిల్లవాణ్ని ఆర్థికంగా బలహీనుడని ప్రభుత్వమే గుర్తించి సీటిస్తుంది. ఆ రాబడిలో మూడో వంతు ట్యూషన్ ఫీజుగా కట్టమంటుంది. హాస్టల్, మెస్ ఖర్చులు వేరు. అప్పు దొరుకుతుందనడం జవాబు కాదు. నెత్తిన అప్పున్నవాడు ముందొచ్చిన ఉద్యోగం పట్టుకోవాల్సిందే.

అసలు విభజన ఫీజు రసీదులో కనిపించదు. రాత్రి పదకొండింటికి హాస్టల్ వింగ్ మొత్తం బయటికి తినడానికి బయల్దేరుతుంది. బిల్లు తలా ఇంతని ఫోన్లోనే పంచేసుకుంటారు. రెండుసార్లు కట్టి, మూడోసారి కడుపు బాగాలేదని గదిలో పడుకున్నవాణ్ని ఆ తర్వాత ఎవరూ పిలవరు. పుట్టినరోజు ట్రీట్లూ, సెలవుల్లో గోవా ప్రయాణాలూ ఇంతే. ఇవి చిల్లర విషయాలు కావు. ఏ క్లబ్బులోకి ఎవరు రావాలో, ఫెస్ట్ బాధ్యతలు ఎవరికి దక్కాలో చాలావరకు ఆ బల్లల దగ్గరే తేలిపోతుంది. క్యాంపస్‌లో పీఓఆర్ అని పిలిచే ఈ పదవులే రెజ్యూమెకెక్కి ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూల దాకా వెళ్తాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా లెక్కలే చేసినవాడికి క్లబ్ ఇంటర్వ్యూలో నోరు పెగలదు. ఇంటర్నేషనల్ స్కూల్లో డిబేట్లు చేసొచ్చిన క్లాస్‌మేట్ పది నిమిషాల్లో ఎంపికవుతాడు. ఎంపిక చేసేవాళ్లకు అది చొరవగా కనిపిస్తుంది. అందులో అధిక భాగం తల్లిదండ్రులు పన్నెండేళ్లు కట్టిన స్కూలు ఫీజు.

డబ్బు విలువ ఒక్కో గదిలో ఒక్కోలా ఉంటుందన్న ఇంగితం యాజమాన్యాలకూ లేదు. ఐఐటీల్లో మెరిట్ కమ్ మీన్స్ స్కాలర్‌షిప్ కింద చాలాకాలంగా చేతికందుతున్నది నెలకు 1,000 రూపాయలు. 2023లో ఐఐటీ బాంబే మెస్‌లో శాకాహారులకు బల్లలు ప్రత్యేకించడాన్ని నిరసించినందుకు వేసిన జరిమానా 10,000 రూపాయలు. ఆ స్కాలర్‌షిప్ లెక్కన పది నెలల సొమ్ము.

ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఈ తేడాలను బాహాటంగానే అమ్ముతాయి. తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో చేరే వేలూరు విఐటీలో ర్యాంకు దిగజారేకొద్దీ ఫీజు కేటగిరీ పెరుగుతుంది. హాస్టల్లో ఏసీ గదికో రేటు, మామూలు గదికో రేటు. గదిలో ఎందరుంటారన్నదాన్ని బట్టీ మారుతుంది. మెస్సులోనూ స్పెషల్ ఉంటుంది. ఏ గదిలో ఉంటున్నావని అడిగితే చాలు, తండ్రి స్తోమత తెలిసిపోతుంది.

మరో దారి తెలుగు నేల మీదే 2008లో మొదలైంది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కులతో, సర్కారు బడి పిల్లలకు అదనపు స్కోరు కలిపి ప్రవేశాలిచ్చాయి. తొలి బ్యాచ్‌లకు ల్యాప్‌టాప్ కూడా సంస్థే ఇచ్చింది. తర్వాతి పాలకులు వాటిని గాలికొదిలేశారు. 2022 జూన్‌లో రెగ్యులర్ వీసీ కోసం, కనీస సౌకర్యాల కోసం బాసర విద్యార్థులు రోజుల తరబడి బైఠాయించాల్సి వచ్చింది. ఆలోచన మాత్రం సరైనదే. ఐఐటీల్లో ఫీజు మాఫీ పరిమితిని 8 లక్షలకు పెంచడం, సీటు రుసుమును పేద పిల్లలు చేరాక కట్టుకోనివ్వడం, ల్యాప్‌టాప్ సంస్థే ఇవ్వడం వెంటనే చేయదగ్గవి. క్లబ్బుల సంగతి అంత తేలిక కాదు. అక్కడ ఆచార్యులూ సీనియర్లూ కూర్చుని ఎంపిక పద్ధతినే మార్చాలి.