చాసిస్ నంబర్ చెప్పకుండా సామాను అడగొద్దు

హుమ్నాబాద్‌లో 65వ నంబర్ హైవే పక్కన మన సభ్యుడి టిప్పర్ ఆరు రోజులు నిలబడిపోయింది. ఈఎంఐ మాత్రం ఆగలేదు. "మా బావ బండిలాంటిదే" అని ఫోన్‌లో చెప్పి క్లచ్ ప్లేటు తెప్పించాడు. లోపలి పళ్లు షాఫ్ట్‌కు కూర్చోలేదు. ఇప్పుడు అందరూ దుకాణం వాడిని తిడుతున్నారు. వాడేం చేస్తాడు?

మేము రైల్వేలో గుమాస్తాగా పని చేసినవాళ్లం, నంబర్ లేని కాగితం ముట్టలేదు. కొత్త లారీల ఆర్‌సీలో 17 అంకెలు, అక్షరాల చాసిస్ నంబర్ ఉంటుంది. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు. ఓ లాగా కనిపించేది సున్నా! 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక ఒకే పేరున్న బండ్లకూ చాలా సామాను మారింది. పాత ప్లేటు పారేయకండి, పళ్లు లెక్కపెట్టండి, అడ్డంగా కొలవండి.

తమిళ బడిలో చదివాం, మా తెలుగులో తప్పులుంటే దిద్దండి. ఆదివారం మీటింగ్‌కు లారీ ఉన్నవాళ్లు ఆర్‌సీ జిరాక్స్ తెండి, రిజిస్టర్‌లో మేమే రాసిపెడతాం.