బురదలో 70 వేల ఏళ్ల క్యాలెండర్!

చెట్టు కాండాన్ని అడ్డంగా కోస్తే వలయాలు కనిపిస్తాయి. ఏడాదికో వలయం. వాటిని లెక్కపెడితే చెట్టు వయసు తెలిసిపోతుంది. మరి సరస్సు అడుగున బురదలోనూ అలా ఏడాదికో గీత ఉంటే? జపాన్‌లోని సుయిగెత్సు సరస్సులో సరిగ్గా అదే జరిగింది. ఒకటీ రెండూ కాదు, 70 వేల ఏళ్ల బురద అక్కడ పొరలుపొరలుగా పేరుకుంది. వాటిని తప్పు లేకుండా లెక్కపెట్టడంలోనే ఉంది అసలు తంటా!

ఫుకుయి ప్రాంతంలో, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఐదు సరస్సుల్లో సుయిగెత్సు ఒకటి. లోతు 34 మీటర్లు. చుట్టూ కొండలు ఉండటంతో గాలి ఉద్ధృతి తక్కువ. పెద్ద నదేదీ నేరుగా వచ్చి కలవదు. ఏటి నీరు ముందు పక్క సరస్సులో చేరి, ఒండ్రునంతా అక్కడే దించేసి వస్తుంది. అడుగున ఆక్సిజన్ ఉండదు కాబట్టి బురదను కెలికే పురుగులూ లేవు. పైగా అక్కడి నేల మెల్లగా కుంగుతూ ఉండటంతో వేల ఏళ్లయినా సరస్సు పూడిపోలేదు. కాలాన్ని బట్టి ఒకసారి నాచు, మరోసారి సన్నటి మట్టీ ఖనిజాలూ ఎక్కువగా పేరుకుంటాయి. ఒకటి ముదురు పొర, ఇంకోటి లేత పొర. రెండూ కలిస్తే ఓ ఏడాది. దాని మందం మిల్లీమీటరు కన్నా తక్కువ!

ఆ పొరల్లో పుప్పొడి దొరుకుతుంది. అది చలిప్రాంతాల చెట్లదా, వెచ్చని చోట పెరిగే చెట్లదా అన్నదాన్ని బట్టి ఆనాటి వాతావరణం ఎలా ఉండేదో చెప్పొచ్చు. వరద వస్తే మట్టి పొర, అగ్నిపర్వతం పేలితే బూడిద పొర... అన్నీ వరసగా నమోదై ఉంటాయి.

జారిపోయిన ఏళ్లు

1993లో శాస్త్రవేత్తలు ఇక్కడ బోరు వేసి బురదను పైకి తీశారు. ఆ గీతల లెక్కను హిరోయుకి కితగవా బృందం 1998లో ప్రకటించింది. అయితే ఇతర ఆధారాలతో అది సరిపోలలేదు. కారణం ఏమిటంటే... బురదను గొట్టంతో ముక్కలుముక్కలుగా తీస్తారు. ముక్కకీ ముక్కకీ మధ్య కొంత జారిపోతుంది. రెండు సెంటీమీటర్లు పోయినా దాదాపు 30 ఏళ్లు మాయమైనట్టే! అంత గొప్ప క్యాలెండరూ పక్కన పడిపోయింది.

2006లో తకేషి నకగవా బృందం మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఒకటి కాదు, పక్కపక్కనే నాలుగు బోర్లు వేశారు. ఒక బోరులో జారిపోయిన భాగం ఇంకో బోరులో దొరికేలా చూసుకున్నారు. తరవాత మంచుయుగం ముగిసే కాలానికి చెందిన భాగాన్ని తీసుకుని రెండు రకాలుగా లెక్కపెట్టారు. ఒక పద్ధతిలో పలుచగా కోసిన బురద పలకల్ని మైక్రోస్కోపు కింద చూశారు. రెండో పద్ధతిలో ఎక్స్‌రే చిత్రాలు తీసి, ఏ గీతలో ఏ మూలకం ఎంత ఉందో యంత్రంతో కొలిచారు. రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి సరిచూశారు. గీతలు మసకబారిన చోట ఏం చేయాలి? చక్కగా ఉన్న పొరల మందాన్ని ఆధారం చేసుకుని, కనిపించనివి ఎన్ని ఉండొచ్చో కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో అంచనా వేశారు. అందులో తేడా ఎంత ఉండొచ్చో కూడా చెప్పారు.

గీతల్లో దొరికిన ఆకుల్లాంటి అవశేషాల్లోని కార్బన్‌ను కొలిచారు. పాతవీ కొత్తవీ కలిపి అలాంటి కొలతలు 800కు పైనే. గుహల్లోని సున్నపురాళ్ల కాలపట్టికలతోనూ పోల్చుకుని, 52,800 ఏళ్ల వెనక్కి వెళ్లే లెక్కను 2012లో ప్రకటించారు. మరుసటి ఏడాదే అది కార్బన్ పద్ధతికి వాడే అంతర్జాతీయ పట్టికలో చేరింది.

మనకేంటి లాభం?

గాల్లో రేడియో కార్బన్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. అందుకే ఏ తవ్వకంలో దొరికిన బొగ్గుకైనా, గవ్వకైనా ఆ పద్ధతిలో వయసు కట్టాలంటే ఇలాంటి పట్టికతో సరిచూడాల్సిందే. నంద్యాల జిల్లా జ్వాలాపురంలోని ఓ రాతి ఆవాసంలో దాదాపు 35 వేల ఏళ్ల నాటి చిన్న రాతి పనిముట్లు బయటపడ్డాయి. చెట్ల వలయాల లెక్క అంత వెనక్కి ఏకధాటిగా సాగదు. కాబట్టి ఆ కాలానికి ప్రధాన ఆధారాల్లో సుయిగెత్సు బురద ఒకటి.

వాతావరణం సంగతీ అంతే. మంచుయుగం ముగిసేటప్పుడు ఏ ప్రాంతం ముందు వేడెక్కింది, ఎన్నేళ్లలో వేడెక్కింది అన్నది తేలాలంటే తేదీలు పక్కాగా ఉండాలి. వందేళ్లు అటూఇటూ అయితే కారణం ఏదో, ఫలితం ఏదో తారుమారైపోతుంది. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఆ తేడా తెలియడం ఎంతో అవసరం.

ఈ గీతల కోసమే 2018లో సరస్సుల పక్కన ఓ మ్యూజియం తెరిచారు. గోడ పొడవునా 45 మీటర్ల బురద పలకలు పరిచి ఉంటాయి. ఆ చివర నుంచి ఈ చివరకు నడిస్తే 70 వేల ఏళ్లు దాటినట్టే. మనిషి వందేళ్ల జీవితానికి అక్కడ దక్కే చోటు మాత్రం ఓ ఆరేడు సెంటీమీటర్లే!