కిక్కిరిసిన ఆటో.. చిక్కిపోయే పరిహారం

కరీంనగర్‌: బస్సు రాని పల్లెలకు ఆటోలు, జీపులే దిక్కు. అయితే కిక్కిరిసిన వాహనం ప్రమాదానికి గురైతే పరిహారానికీ గండి పడుతుందని కరీంనగర్‌, ఆదిలాబాద్‌ ప్రాంతాల ప్రయాణికులు గుర్తించాలి.

పరిమితికి మించి ఎక్కించుకున్నా క్షతగాత్రుల హక్కు పోదు. కానీ బీమా సంస్థ బాధ్యత అనుమతించిన సీట్ల మేరకేనని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ సొమ్మునే అందరూ పంచుకోవాలి. మిగతాది వాహన యజమాని నుంచి రాబట్టుకోవాలి. అతనికి ఆస్తిపాస్తులు లేకుంటే తీర్పు కాగితాలకే పరిమితం. సరకు రవాణా చేసే ట్రాలీ ఆటో ఎక్కితే బీమాపై ఆశ దాదాపు లేనట్లే.

2022 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ఆరు నెలల్లోగా ట్రైబ్యునల్‌ను ఆశ్రయించాలి. మహిళలు, పిల్లలు, ఎస్సీలు, ఏజెన్సీ గిరిజనులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాది లభిస్తారు. ఎఫ్‌ఐఆర్‌ ప్రతి, ఆసుపత్రి చీటీలు భద్రపరచుకోవడం మరవరాదు.