ఏ లెక్కన మైనారిటీ?

2025 జులైలో నంది కొండల మీద సమావేశమైన కర్ణాటక మంత్రివర్గం ఆంధ్ర సరిహద్దు పట్టణం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చడానికి ఆమోదం తెలిపింది. తెలుగు ‘పల్లి’ పోయి ‘నగర’ వస్తోంది. మనసు చివుక్కుమన్నా, అంతకన్నా పాత గాయం ఇంకొకటుంది. అది ‘మైనారిటీ’ అనే మాట చేసిన గాయం.

బాగేపల్లి తాలూకాలోని పాతపాళ్య సంతకు వెళ్లండి. బేరం తెలుగులో, తిట్టు తెలుగులో, తత్వం తెలుగులో. అక్కడ తెలుగువాళ్లే ఎక్కువ. ప్రభుత్వ కచేరీలో మైనారిటీ అంటే మాత్రం మతమే. రాజ్యాంగం 30వ అధికరణం మతంతోపాటు భాషనూ ఆ మాట కిందికే తెచ్చిన సంగతి ఎవరికీ గుర్తు రాదు. పోనీ, కోర్టుకెళితే? మైనారిటీ ఎవరో రాష్ట్రాన్ని బట్టే తేల్చాలని టి.ఎం.ఎ. పాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 జనగణన ప్రకారం కర్ణాటకలో తెలుగువాళ్లు నూటికి ఆరుగురు కూడా లేరు. ఆ లెక్కన వాళ్లు మైనారిటీయే. కానీ రాష్ట్రమంతటా పరిచి చూస్తే పలుచనైపోయే ఈ లెక్కలో పాతపాళ్య కనబడకుండా పోయింది.

తాలూకాను చూసి లెక్కగట్టే పద్ధతి లేదా? ఉంది. మైనారిటీ భాష మాట్లాడేవాళ్లు 15 నుంచి 20 శాతం ఉన్న తాలూకాల్లో ముఖ్యమైన ప్రకటనలు ఆ భాషలోనూ వెయ్యాలన్న ఒప్పందం దశాబ్దాల నాటిది. తరగతిలో 10 మంది, బడిలో 40 మంది ఉంటే మాతృభాషలో చెప్పే అయ్యవారిని వెయ్యాలని విద్యామంత్రులు 1949లోనే తీర్మానించారు. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెప్పేదీ మాతృభాషలో ప్రాథమిక విద్య గురించే. ఇన్ని ఉండీ, ఈ సీమ యోగి కైవార తాతయ్య తెలుగు తత్వాలను ఆయన సొంత సీమ బిడ్డలు కన్నడ లిపిలో చదువుకుంటున్నారు!

కన్నడ గడ్డ మీద కన్నడ నేర్వరా అంటారు; నేర్చారు, చక్కగా రాస్తున్నారు. తెలుగు అక్షరం అదనంగా అడిగితే కన్నడానికి వచ్చే లోటేమిటి? ఆంధ్రలోని మడకశిర కన్నడిగులకూ ఇదే న్యాయం జరగాలని మేమంటాం.

మన ప్రభుత్వాలనూ వదలం. తిరుపతిలో 2012లో, హైదరాబాదులో 2017లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపారు. సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దాటగానే మొదలయ్యే తెలుగు పల్లెలకు ఆ సభల వల్ల ఒక్క వాచకమైనా అందిందా? సముద్రాల అవతలి తెలుగు మీద ఉన్న మమకారం చిత్రావతి గట్టు తెలుగు మీద ఎందుకు లేదు?

పాతపాళ్య హోబళిలో తెలుగు మాట్లాడే పిల్లలు పదిమందికి పైగా ఉన్న తరగతులెన్నో కర్ణాటక విద్యాశాఖ ఈ ఏడే లెక్క తీసి ప్రకటించాలి. ఆ తరగతులన్నిటికీ అయ్యవార్లను వెయ్యాలి. వాచకాలు పంపే బాధ్యత రెండు తెలుగు రాష్ట్రాలు తీసుకోవాలి.